ఇంటితో పాటు వచ్చిన సెనేటరు

ఇల్లు కొంటే గోడలు, కప్పు, చలికాలంలో మూలిగే బాయిలరు వస్తాయని తెలుసు. ఒక మనిషి కూడా వస్తాడని నాకెవరూ చెప్పలేదు. కార్డిఫ్‌కు ఉత్తరాన, రైలు దిగి గుట్ట ఎక్కితే వచ్చే చిన్న ఊళ్ళో మాకు ఒక పాత రాతి ఇల్లు దొరికింది. తాళాలు తీసుకుని మొదటిసారి హాల్లో అడుగు పెట్టేసరికి, పొయ్యి పైన చట్రంలోంచి ఒక తెల్లాయన నన్ను ఎగాదిగా చూస్తున్నాడు. మెడకు చుట్టిన తెల్లగుడ్డ, గడ్డం మీద లోతైన నొక్కు, విడిగా నిలబడ్డ చెవులు. కెవ్వుమన్నాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి, బొమ్మను చూసి, నన్ను చూసి, అరగంట సేపు నవ్వాడు.

ఇల్లు అమ్మిన పెద్దావిడకు ఫోన్ చేసి, మీ బొమ్మ మర్చిపోయారని చెప్పాను. "మర్చిపోలేదు లవ్, ఆయన ఇంటికి చెందినవాడు. పై గదిలో పుట్టాడు. మా అత్తగారు నాకు అప్పజెప్పింది, నేను నీకు అప్పజెబుతున్నాను" అంది. రెండు వందల ఏళ్ళకు ముందే అమెరికా వెళ్ళి, అక్కడ ఒక రాష్ట్రంలో సెనేటరు అయ్యాడట. తీసి గరాజ్‌లో పడేద్దామనుకున్నాను. హాస్పిటల్ ఫార్మసీలో నా షిఫ్టులు, పిల్ల బడి, పెయింటు వాళ్ళు, ఇన్నింటి మధ్య ఆయన అక్కడే ఉండిపోయాడు.

ఆ తర్వాత అమ్మ పోయింది. బాపు మా దగ్గరికి వచ్చేశాడు.

బాపు హైదరాబాదులో శాసనసభ రిపోర్టరు. పత్రిక రిపోర్టరు కాదు. స్పీకరు కుర్చీ కింద బల్ల దగ్గర కూర్చుని, సభ్యులు ఏది మాట్లాడితే అది షార్ట్‌హ్యాండ్‌లో దింపుకునే ఉద్యోగం. సభలో తిట్టుకున్నా, మైకులు విరిచినా, కాగితాలు చింపి విసిరినా రిపోర్టరు నోరెత్తకూడదు, రాయాలి. ఒక జీవితమంతా అలా రాశాడు. అందుకేనేమో ఇంట్లో కూడా మాట పొదుపు. మేము పోట్లాడుకుంటుంటే మోకాలి మీద వేలు కదుపుతూ వినేవాడు. నాయకులను కొలవడానికి ఆయన దగ్గర ఒకటే కొలత ఉండేది. సభలో ఏమన్నాడు? బయట వాడెలాంటి వాడో ఎవరైనా చెప్పబోతే, "అది రికార్డుల ఉన్నదా?" అని నోరు మూయించేవాడు. అమ్మకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

మొదటి చలికాలం కిటికీ దగ్గర కూర్చుని వానను చూసి చూసి విసిగి, ఒకరోజు పొయ్యి పైకి చూపించి, "ఈయన ఎవలు బిడ్డా? మీ పాత ఓనరా?" అని అడిగాడు.

"అమెరికాల ఎక్కడనో ఎమ్మెల్యే అట బాపూ" అన్నాను.

నేను అన్నది ఆ ఒక్క ముక్కే. బాపు కళ్ళు అప్పుడు వెలగడం చూశాను. అమ్మ పోయాక ఆ వెలుగు చూడటం అదే మొదలు కనుక, ఆ సెనేటరు పుణ్యమా అని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రాష్ట్రపు గ్రంథాలయం వాళ్ళు పాత సభా కార్యక్రమాలు, అప్పటి పత్రికల్లో అచ్చయిన ప్రసంగాలు నెట్‌లో పెట్టారు. మా ఆయన పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు. ఇక బాపు ఆ సభలోకి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టే. పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కూర్చునేవాడు. సాయంత్రం నేను డ్యూటీ నుంచి రాగానే ఆ రోజు సభలో ఏం జరిగిందో చెప్పేవాడు. రెండు వందల ఏళ్ళ కిందటి గొడవలు మా డైనింగ్ టేబుల్ మీద పప్పుతో పాటు వడ్డించబడేవి.

అలా ఆయన జీవితమంతా మాకు కంఠతా వచ్చేసింది. కౌలు రైతు కొడుకు. మీసాలు సరిగా రాకముందే ఓడెక్కాడు. అక్కడ దేశం అప్పుడప్పుడే రాజు చేతిలోంచి బయటపడింది. దక్షిణాన ఒక రాష్ట్రంలో, నది రేవులో జనాన్ని పడవ మీద దాటించే పని పట్టాడు. పడవెక్కిన ప్లీడర్లను బతిమాలి పుస్తకాలు అరువు తెచ్చుకుని చదివాడు. తనే ప్లీడరయ్యాడు. తర్వాత ఊళ్ళో మేజిస్ట్రేటు, ఆ తర్వాత దిగువ సభకు సభ్యుడు. భూమి ఉన్నవాడికే ఓటు అన్న నిబంధన తీసెయ్యాలని మొదటి ప్రసంగంలోనే అడిగితే సభంతా నవ్విందట. మరుసటి ఏడు మళ్ళీ అడిగాడు. అప్పు తీర్చలేని పేదవాళ్ళను జైల్లో పెట్టొద్దని బిల్లు తెచ్చాడు. నదుల మీద వంతెనలు వేయించాడు. సెనేటుకు వెళ్ళాడు, ఒక సమావేశానికి అధ్యక్షుడిగా కూర్చున్నాడు, గవర్నరు పదవికి నిలబడి చిత్తుగా ఓడిపోయాడు. ఓడినాక ఇంటికి పోయి మూల కూర్చోలేదు. మళ్ళీ దిగువ సభకే పోటీ చేసి గెలిచి, ఉచిత బడుల కోసం మాట్లాడాడు. ఈ రాష్ట్రంలో పుట్టిన ప్రతి బిడ్డా అక్షరం నేర్వాలి అన్న ఆ ప్రసంగం బాపును పట్టేసింది. ఆయనే ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చుని రాసినట్టు చెప్పేవాడు.

"ఒక్క బూతు మాట లేదు బిడ్డా. అవతలోన్ని ఒక్క మాట అనలే. కూసోమంటె కూసున్నడు, లేవమంటె లేసిండు. గిసోంటోడు మా సభల ఒక్కడుంటె నా పెన్సిల్‌కు పుణ్యం దక్కేది" అనేవాడు.

మా ఆయన ఒకసారి అన్నాడు, భోజనాల దగ్గర, మామూలుగానే. "మామా, దక్షిణాది రాష్ట్రం అంటున్నరు. బానిసలు ఉండేటోళ్ళేమో గద ఆయనకు?"

బాపు చెయ్యి కంచంలోనే ఆగింది. "నేను మొత్తం చదివిన. సభల ఆ మాట ఒక్కసారి సుత ఎత్తలే" అన్నాడు.

ఎత్తలేదంటే లేదని ఆయన లెక్క. ఇంకెవరైనా అయితే, ఎత్తకపోవడమే అనుమానించాల్సిన సంగతి అనుకుంటారు. మాకూ తట్టలేదని చెప్పను. బాపు ఉత్సాహం మీద నీళ్ళు చల్లడానికి మనసు రాలేదు, అంతే. మా ఆయన పెరుగు వేసుకున్నాడు.

ఆ ఏడు పెత్రమాసకు నేను నిజంగా నోరు వెళ్ళబెట్టాను. పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్య నాడు మా ఇంట్లో తాత, నానమ్మ, అమ్మ ఫోటోల ముందు గారెలు, పరమాన్నం, గుమ్మడికాయ కూర పెట్టి, నీళ్ళు చుట్టి దండం పెట్టుకుంటాం. బియ్యం, కూరగాయలు పెద్దల పేరు మీద దానం ఇస్తాం. ఇక్కడ బాపు వాటిని పేదలకు సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకు తీసుకెళ్ళేవాడు. ఆ రోజు స్నానం చేసి కిందికి దిగేసరికి, అమ్మ ఫోటో పక్కన ఇంకో విస్తరి. పొయ్యి పైన సెనేటరు గారి నుదుట కుంకుమ బొట్టు. మెడలో, నేను మనవాళ్ళ దుకాణాలుండే ఈస్ట్ హామ్ వెళ్ళినప్పుడు అమ్మ కోసం కొన్న గంధపు చెక్కల దండ.

"బాపూ! ఏం చేస్తున్నవ్?"

"ఆయన ఇంట్ల ఉంటున్నం. మనకన్న ముందున్నోడు. ఆకలితోటి ఉంచుతామా?" అన్నాడు.

నా కూతురు మెట్ల మీద నిలబడి, "తాతా, దట్స్ సో వియర్డ్" అంది. అంటూనే ఫోటో తీసి స్నేహితులకు పంపింది. నవ్వాలో కోప్పడాలో తెలియక గారెలు వడ్డించాను. దేవుడి దయవల్ల అమ్మకు ఇలాంటివి నచ్చేవి.

ఈలోగా ఊళ్ళోని స్థానిక చరిత్ర సంఘం వాళ్ళకు బాపు దొరికాడు. ఎవరూ చదవని ప్రసంగాలన్నీ చదివిన మనిషి! సంఘం అధ్యక్షురాలు రిటైరైన టీచరు. మా ఇంటికొచ్చి టీ తాగుతూ, మీ గోడకు ఆయన పేరుతో ఒక ఫలకం పెడదామంది. ఏ మాటలు వేయాలో బాపునే రాయమంది. బాపు ఆ నాలుగు లైన్ల కోసం ఒక నెల కష్టపడ్డాడు. పుట్టిన ఇల్లు, శాసనసభ్యుడు, సెనేటరు, చివర్న "ప్రతి బిడ్డకూ మిత్రుడు." ఒక జీవితమంతా పక్కవాళ్ళ మాటలు రాసిన మనిషికి, లోహం మీద తన మాటలు అచ్చవబోతున్నాయి. పోత పోయించారు. తెర తీయడానికి కౌన్సిలర్‌ను పిలిచారు. బాపు హైదరాబాదు నుంచి కోటు తెప్పించుకున్నాడు.

ఆవిష్కరణ ఇంకా కొన్ని వారాలుందనగా అధ్యక్షురాలు ఫోన్ చేసింది. సెనేటరు గారి వంశీకురాలు అమెరికా నుంచి వస్తోంది, ఇల్లు చూస్తానంటోంది, ఆదివారం రావొచ్చా అని. క్యాలెండర్ చూస్తే ఆ ఆదివారమే పెత్రమాస. బాపు పొంగిపోయాడు.

"చూసినవా బిడ్డా, పెద్దలు పిలిపించుకుంటున్నరు."

ఆదివారం మధ్యాహ్నం ట్యాక్సీ ఆగింది. తలుపు నేనే తీశాను. అరవై దాటిన ఒక నల్లజాతి ఆవిడ, నెరిసిన పొట్టి జుట్టు, నీలం కోటు, చేతిలో పూలు. ఆవిడ ముఖం వైపు చూశాను. గడ్డం మీద ఆ నొక్కు. విడిగా నిలబడ్డ ఆ చెవులు. వెనకాల పొయ్యి పైన దండేసుకున్న మనిషి నాకు కళ్ళ ముందే తిరిగాడు, మా ఆయన బానిసల మాటెత్తి పెరుగు వేసుకున్న ఆ రోజూ తిరిగింది. లోపలికి పరుగెత్తి ఆ దండ లాగి పారేయాలనిపించింది.

బాపు అప్పటికే నా వెనకకు వచ్చేశాడు. ఆయన కూడా ఒక్క క్షణం ఆగాడు, ఆయన ఊహించుకున్నది తెల్లావిడను కదా. తర్వాత ముఖమంతా నవ్వు నింపుకుని రెండు చేతులూ జోడించాడు. అమెరికాలో పెళ్ళిళ్ళు రకరకాలుగా కలుస్తాయి, ఎవరి రక్తం ఎటు పోతుందో, అని ఆయన తనలో తాను సర్దుకున్నట్టు నాకు స్పష్టంగా కనిపించింది. రక్తం ఆయన రక్తం అయితే చాలు. "రండి రండి, ఇది మీ ఇల్లు" అని ఇంగ్లీషులో ఆహ్వానించాడు.

నేను "బాపూ, ఒక్క నిమిషం" అన్నాను. వినిపించుకోలేదు.

హాల్లోకి రాగానే ఆవిడ ఆగిపోయింది. బొమ్మ. దండ. బొట్టు. కింద దీపం, అగరొత్తి, విస్తరిలో అన్నం. ఆవిడ కళ్ళు ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా కదిలాయి. బాపు దాన్ని భక్తి అనుకున్నాడు. పెత్రమాస అంటే ఏమిటో చెప్పాడు, ఇన్నాళ్ళూ పరాయివాణ్ణి అయినా నేను పెట్టానన్నాడు, ఇప్పుడు అసలు వారసురాలు వచ్చిందన్నాడు. విస్తరి రెండు చేతులతో ఎత్తి ఆవిడకు అందించాడు.

"మీ పెద్దాయన. మీ చేతితో పెట్టాలి. అప్పుడే ఆయనకు చేరుతుంది."

మా ఇళ్ళలో ఒక మనిషికి ఇంతకన్నా పెద్ద గౌరవం లేదు. ఆవిడ చేతులు పక్కనే ఉండిపోయాయి.

"సర్," అంది చాలా నెమ్మదిగా, "నేను పెట్టలేను. ఆయన మా తాతల తాతను అమ్మేశాడు."

బాపుకు అర్థం కాలేదు. విస్తరి పట్టుకునే నిలబడ్డాడు. ఆవిడ నా వైపు చూసింది, ఇంటికి వచ్చి ఇలాంటి మాట అంటున్నందుకు క్షమించమన్నట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. "చెప్పండి" అనగలిగాను, అంతే.

ఆవిడ నిలబడే చెప్పింది. సెనేటరు ఇంట్లో వంట చేసే ఒక బానిస స్త్రీ ఉండేది. ఆమెకు పుట్టిన కొడుకు తండ్రి ఆయనే. పిల్లాడు పాలపళ్ళు ఊడే వయసుకు వచ్చేసరికి అచ్చం ఆయన పోలికలు దిగాయి. భోజనాలకు వచ్చిన పెద్దమనుషులు, పళ్ళేలు అందించే పిల్లాడి ముఖం చూసి, బల్ల చివర కూర్చున్న యజమాని ముఖం చూసి, తలలు దించుకునేవాళ్ళట. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఒక ఉదయం తల్లి పాలు పితకడానికి వెళ్ళి వచ్చేసరికి పిల్లాడు లేడు. ఇంకా దక్షిణానికి పోయే బానిసల వ్యాపారి బండి ఎక్కించేశారు.

"కొడుకునా?" అన్నాడు బాపు. తెలుగులో అన్నాడు. ఆవిడకు తెలుగు రాదు, అయినా తల ఊపింది.

"ఉచిత బడుల ప్రసంగం చేసిన ఏడాదే అది. బాగుంటుంది ఆ ప్రసంగం. మా బడిలో పిల్లలకు నేనే దాన్ని పాఠంగా చెప్పేదాన్ని, నేను ప్రిన్సిపాల్‌ని" అంది.

ఆ గదిలో ఇంకేం వినలేననుకున్నాను. కానీ ఆ తర్వాత బాపు నోటి నుంచి వచ్చిన మాటకు నాకు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. విస్తరి కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఆఫీసు గొంతుతో అడిగాడు.

"మేడమ్, ఇది రికార్డులో ఉందా?"

"బాపూ!" అని అరిచాను. నా జీవితంలో ఆయన మీద అలా అరవలేదు. మా ఆయన వంటింట్లోంచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. మా ఇంటికి వచ్చిన మనిషిని, తన వాళ్ళను ఎలా అమ్మేశారో చెబుతుంటే, సాక్ష్యం అడుగుతాడా? ఆ క్షణంలో బాపును చూస్తే అసహ్యం వేసింది, దాచను.

ఆవిడకు కోపం రాలేదు. ఈ ప్రశ్న చాలాసార్లు విన్న మనిషిలా ఉంది. "లేదు సర్. మా అమ్మ నాకు చెప్పింది. ఆమెకు వాళ్ళమ్మ. ఆ పిల్లాడు పెద్దవాడై, ముసలివాడై, తన పిల్లలకు ఇదే చెప్పాడు, మీరెవరో మర్చిపోకండని. రాసుకోవడానికి ఆయనకు ఎవరూ అక్షరం నేర్పలేదు" అంది.

బాపు కుర్చీలో కూర్చున్నాడు. మోకాలి మీద వేలు కదులుతూ ఉంది, ఆవిడ మాటలన్నీ దింపుకుంటున్నట్టు. తర్వాత ఆ వేలు ఆగిపోయింది. అగరొత్తి పొగ బొమ్మ ముఖం మీదికి పోతోంది.

"ఏది రాయొద్దన్నరో నాకెరుక బిడ్డా" అన్నాడు చివరికి, నాతో. "స్పీకర్ చెయ్యి ఇట్ల అనంగనే కొట్టేసేటోన్ని. మనుషుల పేర్లు కొట్టేసిన. ఏడ్సింది కొట్టేసిన. కొట్టేసినంక అది జరగలేదనే అనుకునేటోన్ని. ఈమెను నేనేమడిగిన!"

ఏడవడం మొదలుపెట్టాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

ఆవిడ వచ్చి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను దగ్గరికి పోబోతే వద్దన్నట్టు చూసింది. బాపు కళ్ళు తుడుచుకున్నాక ఆవిడే ఒక సాయం అడిగింది. "ఆ దండ, ఆ బొట్టు తీస్తారా? నాకు ముఖం సరిగా చూడాలని ఉంది."

నాకు మతి పోయింది. ఎందుకు చూడటం? ఆవిడే చెప్పింది. "ఆ పిల్లాడి బొమ్మ ఎక్కడా లేదు. ఎవరు గీస్తారు? అచ్చం తండ్రిలా ఉండేవాడని మాత్రం మాకు తెలుసు. సముద్రం దాటి వచ్చింది ఈయన్ని చూడటానికి కాదు. మా తాత ఎలా ఉండేవాడో చూసుకోవడానికి మాకు వేరే దారి లేదు."

బాపు లేచాడు. దండ తీశాడు. భుజం మీది కండువా తడిపి, అద్దం మీది కుంకుమను నెమ్మదిగా, మరక మిగలకుండా తుడిచాడు. ఆవిడ బొమ్మకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చాచి మెడ దగ్గర గుడ్డను కప్పేసింది, జుట్టును కప్పేసింది. మధ్యలో మిగిలిన ముఖాన్నే చూసింది. తన గడ్డం తడుముకుంది. పెదవులు కదులుతున్నాయి కానీ ఏమంటోందో వినలేదు, వినకూడదనిపించింది.

"ఆ పిల్లగాని పేరేంది?" అని బాపు అడిగితే నేను ఇంగ్లీషులో అడిగాను. చెప్పింది. తల్లి పేరు కూడా చెప్పింది. బాపు విస్తరిని పొయ్యి ముందు నుంచి తీసి, కిటికీ కింద, ఏ బొమ్మా లేని చోట పెట్టాడు. ఈసారి ఆవిడకు అందించలేదు. ఆవిడే వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఎలా చేయాలో చూపించమంది. నీళ్ళు చుట్టి, రెండు పేర్లూ పైకి చెప్పింది. అయ్యాక మాతో కూర్చుని భోజనం చేసింది, గారెలు మారు అడిగి వేయించుకుంది. రాత్రి రైలుకు మా ఆయన స్టేషన్‌లో దింపి వచ్చాడు.

ఆవిడ వెళ్ళాక నేను బొమ్మను కిందికి లాగబోయాను, చెత్తలో వేయడానికి. బాపు చెయ్యి పట్టుకున్నాడు. "తియ్యకు. ఆ పిల్లగాని ముఖం గిదే ఉన్నది" అన్నాడు. దానితో ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. అటు పోయినప్పుడు ఒక్కోసారి కోపం వస్తుంది, ఒక్కోసారి ఆ ముఖంలో పాలపళ్ళు ఊడిన పిల్లాడు కనబడి అడుగు ఆగిపోతుంది.

ఇక ఫలకం ఉంది. చివరి లైను బాపుది. "ప్రతి బిడ్డకూ మిత్రుడు."

చరిత్ర సంఘం సమావేశం చర్చి హాల్లో. నేనూ వెళ్ళాను. బాపు లేచి నిలబడి, కాగితం లేకుండా, ఆవిడ చెప్పిందంతా ఒక్క మాట పోకుండా చెప్పాడు. ఆ చివరి లైను తనదేనని, దాని కింద ఇంకో లైను వేయాలని అన్నాడు. "తన కొడుకును అమ్మాడు." హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ మంచివాళ్ళే, మాకు క్రిస్మస్‌కు కేకులు ఇచ్చినవాళ్ళు. ఒకాయన చాలా మర్యాదగా, కుటుంబాల్లో చెప్పుకునే కథలను లోహం మీద పోయలేం కదా అన్నాడు. ఒకావిడ, ఆ రోజుల్లో అందరూ అంతే అంది. అధ్యక్షురాలు ఎర్రబడ్డ ముఖంతో, పత్రాల ఆధారం దొరికితే తప్పక ఆలోచిద్దామని, ఈలోగా ఒక కరపత్రం వేయొచ్చని సర్దబోయింది.

"ఆధారం నేను విన్నాను" అన్నాడు బాపు. ఆయనకు థ్యాంక్స్ చెప్పి తర్వాతి అంశానికి వెళ్ళారు.

మా గోడకు పెట్టడానికి వీల్లేదని మా ఆయన, నేను రాసిచ్చాం. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఎంత అమాయకత్వం! నెల తిరక్కుండానే ఫలకం లైబ్రరీ గోడకు ఎక్కింది. కౌన్సిలర్ తెర తీశాడు, స్థానిక పత్రికలో ఫోటో వచ్చింది. చివరి లైను ఎండలో మెరుస్తోంది. ఆ ఫోటో చూసి నేను కప్పు సింకులోకి విసిరాను. బాపు ఆ ఫోటోను దగ్గరికి పెట్టుకుని చదివి, మడిచి పక్కన పెట్టాడు.

తర్వాతి శనివారం నేను డ్యూటీలో ఉండగా అధ్యక్షురాలి ఫోన్. గొంతు ఇబ్బందిగా ఉంది. "మీ నాన్నగారు... వారం నుంచి రోజూ లైబ్రరీ దగ్గరికి వస్తున్నారు. జనాన్ని ఆపుతున్నారు. ఒకరిద్దరు కంప్లైంట్ చేశారు. మీరు ఒకసారి వచ్చి తీసుకెళ్తే బాగుంటుంది." వారమా? పొద్దున్నే నడకకు పోతున్నాననేవాడు!

రైలు దిగి వానలో లైబ్రరీకి పరుగెత్తాను. బాపు మంకీ క్యాప్ పెట్టుకుని, ఆవిష్కరణ కోసం తెప్పించుకున్న కోటు వేసుకుని, ఫలకం పక్కన తడుస్తూ నిలబడి ఉన్నాడు. పిల్లల బండిలో పసిబిడ్డతో ఒక పడుచు జంట ఆగి చదువుతోంది. వాళ్ళు చదవడం పూర్తయ్యేదాకా బాపు ఆగాడు. సభలో రిపోర్టరు నోరెత్తకూడదని నాకు చిన్నప్పటి నుంచి చెప్పిన మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ మాటలు రాసింది నేనే" అన్నాడు ఇంగ్లీషులో. "ఇందులో ఒకటి వదిలేశాను. వింటారా?"

ఆ అమ్మాయి నన్ను చూసింది, ఈయన్ని తీసుకెళ్ళడానికే వచ్చావా అన్నట్టు. అందుకే వచ్చాను. ఆయన పక్కకు వెళ్ళి నిలబడి, గొడుగు ఆయన మీదికి పట్టాను. బాపు ఆ పిల్లాడి పేరుతో మొదలుపెట్టాడు.